సొంతవాళ్ళ మీద వెయ్యని చెయ్యి

మొదటి బస్సు దిగినవాళ్ళు అప్పుడే వరండాలో బల్ల మీద సర్దుకుని కూర్చుంటున్నారు. వంటింట్లో ఎల్వియా మరుగుతున్న పాలలో గుడ్లు కొట్టి, ఉల్లికాడలు, కొత్తిమీర తుంచి వేస్తోంది. పొద్దున్నే ఆ పాలచారు పడితేగానీ ఆ కొండ ఊళ్ళలో ఎవరి ఒంట్లోనూ చలి వదలదు. పొయ్యికి అటు పక్కన ఆమె తల్లి హెర్మిందా, కోడికొవ్వులో కర్పూరం కలిపిన గిన్నెని వెచ్చబెడుతూ పెదవులు కదుపుతోంది. జపమాలలో మూడో పదికి వచ్చిందని ఎల్వియాకి ఆ పెదవులు చూస్తేనే తెలుస్తుంది.

పెరటి తలుపు తోసుకుని తండ్రి కాంపో ఎలియాస్ లోపలికొచ్చాడు. భుజాల మీంచి కప్పుకున్న ఉన్ని రువానా మీద మంచు ముత్యాల్లా నిలిచి ఉంది. గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ కుర్చీదాకా వచ్చి, కూర్చునేటప్పుడు పళ్ళు బిగించాడు.

"బంగాళాదుంప చేను చూసొచ్చాను," అన్నాడు ఎవరూ అడక్కుండానే. ప్రతి శుక్రవారం అదే మాట.

"ఆ కాలితో చేను చూడకపోతే దుంపలు పారిపోతాయా నాన్నా?" అంది ఎల్వియా, చారుగిన్నె అందిస్తూ.

వరండాలోంచి రోసెండా గొంతు వినబడింది. భుజం నొప్పికి నెలకోసారి వచ్చే ముసలావిడ, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. ఊరందరి మోకాళ్ళూ బాగుచేసే ఇంట్లో ఈ కుంటికోడి ఎవరిదమ్మా అని అడుగుతోంది. కాంపో ఎలియాస్ కిటికీ వైపు తిరిగి, "కుంటికోడిని వైద్యానికి తీసుకెళ్ళరు రోసెండా, కూర వండుకుంటారు," అన్నాడు. బల్ల మీది వాళ్ళంతా నవ్వారు. హెర్మిందా నవ్వలేదు. గిన్నె దించి పక్కన పెట్టింది.

నలభై ఏళ్ళుగా ఆ లోయలో మోకాలు నొప్పి అంటే హెర్మిందా ఇల్లే. సూది లేదు, కత్తి లేదు, మాత్ర లేదు. ఎదర తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని, నొప్పి కాలిని తన ఒళ్ళో పెట్టుకుని, రెండు బొటనవేళ్ళతో చిప్ప చుట్టూ మెల్లగా నడిచేది. ఎక్కడ నరం పట్టేసిందో, ఎక్కడ కండ ముడుచుకుందో ఆ వేళ్ళకి తెలిసేది. అక్కడ ఆగి, ఊపిరి వదలమని చెప్పి, నొక్కి పట్టుకునేది. చేతికర్రతో వచ్చినవాళ్ళు కర్ర మర్చిపోయి వెళ్ళేవాళ్ళు. అందరూ కాదు గానీ చాలామంది. దేవుడిచ్చిన హస్తవాసి అని జనం అనేవారు. హెర్మిందా మాత్రం, ఇచ్చింది ఆయనే కాబట్టి తీసుకునేదీ ఆయనే అని ఊరుకునేది.

ఇప్పుడు ఆమె బొటనవేళ్ళు వంకర తిరిగాయి. భర్త పోయి పుట్టింటికొచ్చిన ఎల్వియాకి ఆరేళ్ళుగా పని నేర్పుతోంది. మోకాలు చూపించి ఈ మనిషి ఏం పని చేస్తాడో చెప్పు అనేది. చెరుకు కొట్టేవాడి మోకాలు లోపలి వైపు అరుగుతుందని, మూటలు మోసేవాడికి కీలు మధ్యలో ఇసుక పోసినట్టు గరగరలాడుతుందని, సైకిలు తొక్కేవాడికి చిప్ప కింద లాగుతుందని ఎల్వియా ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలదు.

పనితో పాటు ఒక నియమం కూడా నేర్పింది. ఈ చెయ్యి బయటివాళ్ళ కోసం. సొంత ఇంటివాళ్ళ మీద వేస్తే చల్లబడిపోతుంది, ఇక ఎవరికీ పనిచెయ్యదు. లోయలో ఇలా కాళ్ళు మర్దనా చేసి తోమేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళూ హెర్మిందా దగ్గర చూసి నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళు కూడా సొంత బిడ్డ కాలు బెణికితే పక్క ఊరికి తీసుకెళ్తారు. రోసెండా ఒకసారి, మొగుడు రక్తసంబంధం కాదు కదమ్మా అని వాదించబోయింది. నా బిడ్డల రక్తంలో సగం ఆయనదే అని హెర్మిందా ఆ మాట అక్కడే తుంచేసింది.

ఈ మంగళవారం కాంపో ఎలియాస్ చేలో కూలబడ్డాడు. పక్క చేనువాళ్ళు గోనెపట్టా మీద మోసుకొచ్చారు. ఆరోగ్య కేంద్రంలో మాత్రలిచ్చి, పట్నంలో ఎముకల డాక్టరు కోసం పేరు రాసుకుని, నాలుగు నెలలు ఆగమన్నారు. నాలుగు నెలలకి ఈయన మంచం మీద ఉంటాడని ఎల్వియాకి తెలుసు. డెబ్బై రెండేళ్ళ మనిషి ఒకసారి మంచం ఎక్కితే దిగడం ఎంత కష్టమో ఈ ఇంటికొచ్చే వాళ్ళని చూసే తెలుసుకుంది. నిన్నా మొన్నా తల్లిని బతిమాలింది. అమ్మా, నువ్వు వద్దు, నేను చూస్తాను, పోతే నా చెయ్యి పోతుంది అంది. తల్లి విన్నట్టే కనబడలేదు.

ప్రతి శుక్రవారం హెర్మిందా పై వీధిలో మంచాన పడ్డ ఒక ముసలాయన దగ్గరికి స్వయంగా వెళ్ళి తోమి వస్తుంది. ఆ రోజూ శాలువా కప్పుకుని, బల్ల మీది వాళ్ళని గంటసేపు ఓపిక పట్టమని చెప్పి వెళ్ళింది. గేటు చప్పుడు అయ్యేదాకా ఎల్వియా ఆగింది. తర్వాత వరండా వైపు వంటింటి తలుపు గడియ వేసింది.

"కాలు చాపండి నాన్నా."

ఆయన కదల్లేదు. మీ అమ్మకి తెలిస్తే అన్నాడు. తెలిస్తే నేను చెప్పుకుంటాను అంది. ఆయన గడియ వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు, చివరికి ప్యాంటు మడతలు పైకి లాగాడు.

మోకాలు ఎర్రగా ఉబ్బి ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఎల్వియా పీట మీద కూర్చుని ఆ కాలిని ఒళ్ళోకి తీసుకుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళలో తండ్రి కాలిని అలా పట్టుకోవడం అదే మొదటిసారి. కొవ్వు రాసి, చిప్ప చుట్టూ వేళ్ళు నడిపించింది. గరగర కోసం వెతికింది. మూటలు మోసిన మోకాలు అని ఆయన చెబుతూ వచ్చాడు, ఇంట్లో అందరూ నమ్మారు.

గరగర లేదు. కీలు లోపల ఆ వయసుకి బాగానే ఉంది. వాపంతా చిప్ప ముందర, తోలుకీ ఎముకకీ మధ్య, నీళ్ళు నింపిన తిత్తిలా ఉంది. దానిమీద చర్మం మడమలా కాయకట్టింది. ఆ కాయలో సన్నని రాతినలుసులు ఇరుక్కుని ఉన్నాయి. పక్కనే ఇంకా తడి ఆరని గీరుడు.

ఎల్వియా వేళ్ళు ఆగాయి. ఇలాంటి మోకాళ్ళు ఆమె రెండుసార్లే చూసింది. ఒకటి నేలలు కడిగే పనిమనిషిది. ఇంకోటి కాన్వెంటులోంచి వచ్చిన ముసలి సిస్టరుది.

"నాన్నా, ఇది మూటలు మోసిన మోకాలు కాదు. మోకరిల్లిన మోకాలు."

ఆయన ప్యాంటు మడత కిందికి లాక్కోబోయాడు.

"ప్రతి శుక్రవారం ఎక్కడికెళ్తున్నారు?"

ఆయన కిటికీలోంచి ఊరి వెనక కొండ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. ఆ కొండ మీద, క్రీస్తు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ ఆగి ప్రార్థించే సిలువమార్గం పద్నాలుగు స్థలాలు ఉన్నాయి. గుడ్ ఫ్రైడే నాడు ఊరంతా ఎక్కుతుంది, మొక్కున్నవాళ్ళు ఆఖరి మలుపు మోకాళ్ళ మీద ఎక్కుతారు. ఈయన కిందినుంచి పైదాకా మోకాళ్ళ మీదే, ప్రతి శుక్రవారం, తెల్లవారకముందే ఎక్కుతున్నాడు. ఇసౌరో పోయిన ఏడాది నుంచి, అన్నాడు.

ఇసౌరో ఎల్వియా అన్న. పదకొండేళ్ళకి పోయాడు. అప్పుడామెకి ఏడు. కాళ్ళో జబ్బు చేసి పట్నం తీసుకెళ్ళారని, తిరిగి రాలేదని, ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని మాత్రమే తెలుసు. అంత ప్రేమా మీకు అన్నయ్య అంటే అంది. పాత దుఃఖం అనుకుంది. ఆ కాయ మీద రెండు చేతులూ పెట్టి, తల వంచి, వేడిగా ఉందన్న సంగతి కూడా పక్కనబెట్టి, తోమడం మొదలుపెట్టింది.

గేటు చప్పుడు ఆమెకి వినబడలేదు. ముసలాయనకి జ్వరం వచ్చి తోమించుకోలేదట, హెర్మిందా దారి మధ్యలోంచి వచ్చినంత త్వరగా వచ్చేసింది. వంటింటి తలుపు గడియ పడి ఉండటం చూసి పెరటి వైపు నుంచి లోపలికొచ్చింది.

కొవ్వు మెరుస్తున్న భర్త కాలు చూసింది. కూతురి చేతులు చూసింది. గబగబా వచ్చి ఎల్వియా మణికట్లు పట్టుకుని కాలి మీదనుంచి ఎత్తేసింది, నిప్పుమీదనుంచి బిడ్డ చేతులు తీసినట్టు.

"ఎన్నిసార్లు తోమావు?"

"ఇదే మొదలమ్మా. చల్లబడితే నా చెయ్యి చల్లబడనీ. కన్నతండ్రికి పనికిరాని హస్తవాసి నాకెందుకు? దేవుడలాంటి నియమం పెట్టాడంటే నేను నమ్మను. అమ్మమ్మ పెట్టిందంటే ఆవిడకే తెలియాలి."

"మీ అమ్మమ్మ పెట్టలేదు," అంది హెర్మిందా.

పీట లాక్కుని దాని మీద కూర్చుంది. మణికట్లు వదల్లేదు. గొంతు మామూలుగానే ఉంది, అందుకే ఎల్వియాకి భయం వేసింది.

ఆ నియమం తనే పెట్టిందట. ఇసౌరోకి మోకాలి పైన గట్టిగా వాచింది. బంతాటలో తగిలిందన్నాడు. తను చూసి నరం ముడి అనుకుంది. నలభై రోజులు, పొద్దునా సాయంత్రం, ఇదే పీట మీద, ఇదే కొవ్వుతో తోమింది. కాలు వేడిగా ఉందని తెలుస్తూనే ఉంది. తన చేతికి లొంగని మోకాలు అప్పటిదాకా లేదు, అదీ గర్వం. పట్నం తీసుకెళ్ళేసరికి ఎముకలో రాచపుండు. డాక్టరు తండ్రినొక్కణ్ణే గదిలోకి పిలిచాడు. తను బయట బల్ల మీద పిల్లాడి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ నాన్న బయటికొచ్చి ఒకే మాట చెప్పారు. తోమడంవల్లే ఒళ్ళంతా పాకిందని డాక్టరు అన్నాడని. ఆ రోజునుంచి నా ఇంటివాళ్ళ మీద ఈ చెయ్యి వెయ్యలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పను? కన్నకొడుకుని చంపుకున్న చెయ్యి అని చెప్పనా? నియమం అన్నాను. అందరూ నమ్మారు."

వరండాలో రోసెండా ఎవరికో ఏదో పితూరీ చెబుతోంది, నవ్వులు వినబడుతున్నాయి.

"హెర్మిందా," అన్నాడు కాంపో ఎలియాస్.

ఆయన ముఖం బూడిద రంగులోకి తిరిగింది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు, కాలు నిలవక మళ్ళీ కూర్చున్నాడు.

"డాక్టరు అలా అనలేదు."

హెర్మిందా తల తిప్పి చూసింది.

"తోమినా తోమకపోయినా ఒకటే అన్నాడు. రెండు నెలల ముందు తెచ్చినా ఇంతే అన్నాడు. అప్పటికే ఛాతీలోకి ఎక్కిందట. తల్లిని ఏమీ అనొద్దు, ఆమె తోమినంతసేపే వాడికి నొప్పి తగ్గి ఉంటుంది అన్నాడు. నేను తలుపు తీసుకుని బయటికొచ్చాను. మీరు నా వైపు చూశారు. నాకు ఎవరో ఒకరిమీద కోపం కావాలి. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను. వాణ్ణి పూడ్చాక చెబుదామనుకున్నాను. తర్వాత మీరు నా ముందు తలెత్తడం మానేశారు. ఇక ఎలా చెప్పను?"

పాపసంకీర్తనంలో, తప్పులు ఒప్పుకునేటప్పుడు, ఫాదరుకి చెప్పాను అన్నాడు. వెళ్ళి నీ భార్యకి చెప్పు అన్నాడట ఫాదరు. ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ చేశాను అన్నాడు. కొండ ఎక్కాను.

ఆ కొండల్లో భార్యాభర్తలు జీవితమంతా ఒకరినొకరు మీరనే పిలుచుకుంటారు. పోట్లాటలో కూడా ఆ మాట జారదు. హెర్మిందా లేచి నిలబడి, నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి, "నువ్వు," అంది.

ఇంకోసారి "నువ్వు" అంది. పెదవులు కదులుతున్నాయి, జపం కాదు. కొవ్వుగిన్నె తీసుకుంది, విసురుతుందేమో అనుకుంది ఎల్వియా. విసరలేదు. పెరట్లోకి వెళ్ళి నిలబడింది.

కిటికీలోంచి ఆమె వీపు కనబడుతోంది. ఎల్వియా వెళ్ళబోతే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. ముప్ఫై రెండేళ్ళు, వారానికొక్కటి చొప్పున, ఎన్ని శుక్రవారాలో ఎల్వియా లెక్క వెయ్యదలుచుకోలేదు. ఈ మనిషి దేవుడికి తన మోకాళ్ళు అరగదీసి ఇచ్చాడు. దేవుడు అడిగింది మోకాళ్ళనా? ఇక్కడ, ఈ వంటింట్లో, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి ఒక్క మాట చెప్పమన్నాడు, అంతేకదా. ఇంత భక్తి ఎక్కడికి పోయింది, ఎవరికి చేరింది అనుకుంటే ఆమెకి ఏడుపు వచ్చింది. తండ్రిమీద కోపంతోనా, జాలితోనా తెలియలేదు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి మోకాలు చీరుకుపోతే తల్లి దూరంగా నిలబడి పక్కింటావిడని పిలిచింది. తల్లికి తనంటే ఇష్టం లేదనుకుంటూ పెరిగింది. ఆ సంగతి ఈ ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

హెర్మిందా చాలాసేపు అక్కడే ఉంది. వరండాలో జనం అసహనంగా కదిలారు. ఒకరు గట్టిగా దగ్గారు. చివరికి ఆమె పెరటి కుళాయి కింద ముఖం కడుక్కుని లోపలికొచ్చింది. శాలువా అంచుతో తుడుచుకుంది. ఎవరి వైపూ చూడకుండా, పీట భర్త ముందుకి జరుపుకుని కూర్చుంది.

"వాడు నిద్రలో మొదట నన్నే పిలిచేవాడు," అంది. "అమ్మా తోము, అమ్మా తోము అని. ఆసుపత్రిలో పిలిచినప్పుడు నేను వెళ్ళలేదు. నా చెయ్యి విషం అనుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఎనిమిది రోజులు. పిలుస్తూనే పోయాడు. నువ్వు మంచం పక్కనే ఉన్నావు. విన్నావు."

"విన్నాను," అన్నాడు ఆయన. మాట బయటికి రాలేదు, పెదవుల మీదే కనబడింది.

హెర్మిందా వంకర తిరిగిన వేళ్ళని ఒకసారి చాచి, మూసి, ఆయన మోకాలి మీద పెట్టింది.

తల్లి తోమలేదు. నొక్కనూ లేదు. అరచెయ్యి ఊరికే పెట్టి ఉంచింది, మంట ఎక్కడుందో, నీరు ఎక్కడ నిలిచిందో వింటున్నట్టు. కాయ మీదికి వెళ్ళి అక్కడ ఆగింది. గీరుడు చుట్టూ తిరిగింది. పొద్దుటి రాతినలుసు ఒకటి గోటికి తగిలితే తీసి, పొడవాటి నల్ల లంగా మీద తుడిచేసింది. ఆ చేతికి అబద్ధం చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఒక్కొక్క శుక్రవారం పొరలు పొరలుగా ఆ తోలులో ఉన్నట్టుంది, ఆమె ముఖం చూస్తే. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి గడ్డం మీదనుంచి ఆ మోకాలి మీదే పడుతున్నాయి. తుడుచుకోడానికి చెయ్యి తియ్యలేదు.

"వేడి మోకాలిని తోమకూడదు ఎల్వియా," అంది, పాఠం చెప్పే గొంతుతో. "ఎవరిదైనా సరే. సొంతవాళ్ళదైనా, బయటివాళ్ళదైనా. అదొక్కటే నియమం. ఇంకేదీ లేదు. లోయలో తోమే ఆ ఇద్దరికీ కూడా కబురు చెయ్యి."

"సరేనమ్మా."

"చీము పట్టేలా ఉంది. ఇది చేత్తో పోయేది కాదు. నాలుగు నెలలు ఆగేదీ కాదు. రేపు పొద్దున బస్సుకి పట్నం వెళ్తాం. చేర్చుకునేదాకా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటాం."

కాంపో ఎలియాస్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి, నన్ను క్షమిస్తారా అని అడిగాడు. ఆ మాట అడగడానికి పద్నాలుగు స్థలాలూ దాటి ఇప్పుడొచ్చాడు.

హెర్మిందా చెయ్యి తియ్యలేదు.

"తెలియదు," అంది. "ఇవాళ తెలియదు. కాలు కదపకు. రేపు డాక్టరు పిలిచినప్పుడు నేను బయట బల్ల మీద కూర్చోను. గదిలోకి నేనూ వస్తాను. ఆయన ఏం చెప్పినా, నా చెవులతో నేను వింటాను."